ఒకటో నంబరు బిళ్ళ

మా పెద్దత్తకు చెవుడు లేదు, మతీ చెడలేదు. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆ మధ్య కొన్నాళ్ళపాటు మా షెడ్డులో ఆమె గురించి ఎవరిని కదిపినా మొదట ఆ రెండు మాటలే అనేవాళ్ళు, అని నవ్వేవాళ్ళు. ఆ నవ్వు మొదలుపెట్టింది నేనే కాబట్టి దాన్ని ఆపే బాధ్యత కూడా నాదే. నిజానికి ఆమెవి పాము చెవులు. మూడు గదుల అవతల నేను చాకు జారవిడిస్తే, తలుపు దగ్గర కూర్చున్న మనిషి "ఏమే, వేలు తెగిందా?" అని కేకేసేది.

పెద్దత్త అంటే మా మామగారి అన్నగారి భార్య. పిల్లలు లేరు, పెద్దమామగారు పోయి చాలా ఏళ్ళయింది. మా ఇంటి వెనక గదిలోనే ఉంటుంది. పొట్టి మనిషి, నిదానం, అడిగితే తప్ప మాట్లాడదు. షెడ్డులో ఆమెకున్న పని ఒక్కటే, తలుపు. తాళంచెవిని ఎర్ర తాడుకు కట్టి మెడలో వేసుకుంటుంది, స్నానానికి వెళ్ళినా తియ్యదు. అందుకే అందరూ ఆమెను తాళం పెద్దమ్మ అంటారు.

ఆ షెడ్డు ఒకప్పుడు నూలు గోదాము. పట్నం మా పొలాల మీదికి ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చింది. ముందు రోడ్డు వచ్చింది, తర్వాత ప్రహరీగోడలు, ఆ తర్వాత గోడల మీద గాజుపెంకులు. మాకు మిగిలినవి తలా కాస్త నేల, గడ్డివాములు, నాలుగు పశువులు కట్టుకునే చోటు, ఎవరికీ అక్కర్లేని ఈ గోదాము. పాత ఇనుము దాచుకోవడానికి పట్నం వ్యాపారి ఒకడు దాన్ని అడిగాడు. ఇచ్చేద్దామని మగవాళ్ళంతా ఒక మాట మీదికి వచ్చేసిన రోజున మా అత్త లేచి నిలబడింది.

మా అత్త అంటే నా మొగుడి తల్లి, పెద్దత్తకు తోడికోడలు. ఆమెకు జనం పెట్టిన పేరు మైకు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమె నన్ను నిద్రలేపితే పక్కింటివాళ్ళు కూడా లేచేవాళ్ళు. "గడ్డి మనది, పేడ మనది, చీకటి మనది. పుట్టగొడుగులకి ఇంకేం కావాలయ్యా?" అంది ఆ రోజు. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. ఇల్లిల్లూ తిరిగి, తిట్టాల్సినవాళ్ళను తిట్టి, ఇరవైమూడు ఇళ్ళవాళ్ళను ఒకచోట కూర్చోబెట్టింది. ఆ ఏడాదే గోదాములో నాలుగు గదులు లేచాయి. ఇప్పుడు పట్నం హోటళ్ళ బళ్ళు తెల్లవారకముందే వచ్చి మా గేటు ముందు నిలబడతాయి. ఏది చెయ్యాలన్నా గోనెసంచుల మీద అందరం కూర్చుని, అందరం ఊఁ అంటేనే చేస్తాం.

ఆ గదుల సంగతి చెప్పాలి. లోపల దీపాలుండవు. ఇనుప అరల మీద ఎరువు సంచులు పైకప్పు దాకా ఉంటాయి. నుదుటికి చిన్న లైటు కట్టుకుని మధ్య సందులో నడవాలి. సాయంత్రం చూస్తే నల్లటి ఎరువు తప్ప ఏమీ ఉండదు. మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి తెల్లటి తలలు, వందల కొద్దీ, అన్నీ మనవైపే తిరిగినట్టు ఉంటాయి. అవి లేవడం ఎవరూ చూడలేదు. చెవి ఆనిస్తే అవి ఎరువును నెట్టుకొచ్చే చప్పుడు వినబడుతుందని మా అత్త అనేది. నేను ఎప్పుడూ ఆనించలేదు.

ఒక కాపు అయిపోయాక ఆ గదిని ఉడకబెట్టాలి. పాత ఎరువులో తెగుళ్ళు, పురుగులు ఉంటాయి. అవి పక్క గదికి పాకకుండా తలుపు బిగించి, పైపులో ఆవిరి వదిలి, పూట పూటంతా ఉంచుతాం. ఈగ కూడా మిగలదు, మిగలకూడదనే ఆ పని. పదిహేను రోజులకోసారి ఏదో ఒక గది ఉడుకుతూనే ఉంటుంది. తలుపు దళసరిది, లోపలి నుంచి తెరుచుకోదు. కాబట్టి ఆవిరి వదిలే ముందు లోపల మనిషి లేదని తెలియాలి.

దానికి మా అత్త పెట్టిన పద్ధతి ఇది. గోడకు రెండు బోర్డులు, ఒకటి లోపలికి, ఒకటి బయటికి. ఇంటికొక రేకు బిళ్ళ, దాని మీద నంబరు. గదిలోకి వెళ్ళేటప్పుడు మన బిళ్ళ తీసి లోపలి బోర్డుకు తగిలించాలి, వచ్చేటప్పుడు తీసి బయటి బోర్డుకు తగిలించాలి. ఎవరి బిళ్ళ వాళ్ళే తియ్యాలి, ఇంకొకరిది ముట్టుకోకూడదు. ఈ చివరి మాట దగ్గర ఆమె ఎంత కచ్చితంగా ఉండేదంటే, ఒకసారి మా మామగారు పొరపాటున వేరేవాళ్ళ బిళ్ళ తీస్తే వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆయన జీవితంలో ప్రశాంతంగా గడిచిన వారం అదేనని మేము అనుకునేవాళ్ళం. ఒకటో నంబరు బిళ్ళ ఆమెదే. డబ్బా మూతను స్వయంగా కత్తిరించుకుంది, మిగతావాటికి రెండింతలు ఉంటుంది.

బిళ్ళలన్నీ బయటికి వచ్చాక కూడా పెద్దత్త తలుపు దగ్గర నిలబడి మూడుసార్లు పిలవాలి. "లోపల ఎవరైనా ఉన్నారా?" అని. ఆ మూడు పిలుపులూ అయ్యాక ఆమె చెయ్యి ఎత్తితేనే, బాయిలరు చూసుకునే మనిషి, ఆమెకు మరిది వరస, మేము బాయిలరు మామ అంటాం, ఆవిరి చక్రం తిప్పుతాడు. మా అత్త ఏం చేసేదంటే, తన బిళ్ళ ఒక్కటీ లోపలి బోర్డుకే ఉంచి, అందరికంటే వెనక లోపలే మిగిలిపోయి, మూడో పిలుపుకి చీకట్లోంచి అరిచేది, "ఎవరూ లేరు, కానియ్యక్కా!" అని. గోడలు అదిరేవి. "నీ నోరు పడిపోను, బయటికి రావే!" అని పెద్దత్త కేకలేసేది. మా అత్త నవ్వుకుంటూ వచ్చి తన బిళ్ళ తీసుకునేది. పదేళ్ళు ఇద్దరూ ఇదే ఆట ఆడారు. చూసి చూసి మాకు విసుగొచ్చింది కానీ వాళ్ళకు రాలేదు.

ఒక రోజు మధ్యాహ్నం మూడో గదిలో పుట్టగొడుగులు కోస్తూ మా అత్త గుండె పట్టుకుని కూలబడింది. ఎత్తుకుని బండిలో వేసి ఆసుపత్రికి తీసుకుపోయాం. దారిలోనే పోయింది. నాలుగు రోజుల తర్వాత షెడ్డు తెరిచి చూస్తే ఒకటో నంబరు బిళ్ళ లోపలి బోర్డుకే ఉంది. ఆమె బయటికి వచ్చిందని ఆ బోర్డుకు తెలియదు కదా. ఎవరి బిళ్ళ వాళ్ళే తియ్యాలి. ఆమె పెట్టిన నియమాన్ని ఆమె విషయంలోనే తప్పడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. "ఉండనీండి" అన్నాడు మా మామగారు కళ్ళు తుడుచుకుంటూ. ఉండనిచ్చాం. నాకు ఇరవైనాలుగో నంబరుతో కొత్త బిళ్ళ కత్తిరించారు. కొన్నాళ్ళకు లోపలి బోర్డుకు ఒక బిళ్ళ ఉండటం మా కళ్ళకు అలవాటైపోయింది. ఒక్కటే ఉంటే, ఎవరూ లేనట్టే.

ఒక్క విషయం మాత్రం నాకు నచ్చేది కాదు. మిగతా బిళ్ళలన్నీ పొడిగా ఉండేవి. అది ఎప్పుడు చూసినా చెమ్మగా, చెమట పట్టినట్టు ఉండేది. పైన పైపు ఉంది, దాని చెమ్మే అన్నాడు బాయిలరు మామ. పైపు ఆ మేకుకు మూరెడు ఎడంగా ఉంది.

అత్త పోయి ఆరు నెలలయ్యాక ఒక రోజు, పెద్దత్త మూడోసారి పిలిచి, తలుపుకు చెవి ఆనించి, చిన్నగా నవ్వి చెయ్యి ఎత్తడం చూశాను. ఎందుకు నవ్వావని ఇంటికి వచ్చేటప్పుడు అడిగాను.

"మీ అత్త పలికింది" అంది.

"ఏమని?"

"ఏమంటుంది? దాని పాత పాటే. ఎవరూ లేరు, కానియ్యక్కా అని."

నేను నడక ఆపేశాను. ఆమె మాత్రం, పొరుగూరి చుట్టం కబురు చెప్పినంత మామూలుగా చెప్పింది. పోయినప్పటి నుంచీ ప్రతిసారీ పలుకుతోందట. మొదటిసారి భయమేసిందట, ఇప్పుడు పదిహేను రోజులూ దానికోసమే ఎదురుచూస్తున్నట్టుందట. "అది అన్నాకే చెయ్యి ఎత్తుతాను. చూసి చెప్పే మనిషి లోపల ఉంటే నాకు ధైర్యం" అంది.

ఇలాంటి మాట కడుపులో దాచుకోవాలి. నాకు నోరు ఆగలేదు. ఆ ఇంట్లో ఆ గొంతు కింద పదేళ్ళు నోరు మూసుకుని బతికినదాన్ని, ఇప్పుడైనా నాలుగు మాటలు చెప్పి నలుగురిని నవ్విద్దామనిపించింది. ప్యాకింగు బల్ల దగ్గర పెద్దత్తను అనుకరించి చూపించాను, చెవి ఆనించడం, నవ్వడం, చెయ్యి ఎత్తడం. అందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వు నోటా నోటా పాకి బాయిలరు మామ దాకా పోయింది. అతను నవ్వలేదు. సోమవారం సమావేశంలో లేచి నిలబడ్డాడు.

"నాకు వదినంటే గౌరవమే. కానీ లేని గొంతులు వినబడే మనిషి చేతిలో ఆవిరి గది తాళం ఉండొచ్చా? రేపు ఏదైనా అయితే ఈ ఇరవైమూడు ఇళ్ళ పొయ్యిలోనూ పిల్లి పడుకుంటుంది" అన్నాడు.

పెద్దత్త తాళంచెవిని పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. ఆమెకు ఆ తలుపు తప్ప ఇంకేం ఉంది? నేను తల వంచుకుని సంచి పోగులు పీకుతున్నాను. చివరికి ఆమె నా వైపు చూడకుండానే, "ఇకమీదట వినబడదులే" అంది. అలా అయితే సరే, ఇంకొక్కసారి ఆ ముచ్చట వస్తే తాళం అప్పగించాలి అని తీర్మానించారు. నేనూ ఊఁ అన్నాను.

తర్వాత రెండుసార్లు గదులు ఉడికాయి. ఆమె పిలిచింది, ముఖం కదలకుండా చెయ్యి ఎత్తింది. వినబడిందో లేదో నేను అడగలేదు, అడిగే ముఖం నాకు లేదు.

ఆ రోజు మూడో గది వంతు. మర్నాడు పొద్దున్నే కొత్త ఎరువు లారీ రావాలి. గది సిద్ధంగా లేకపోతే సంచులు ఎండలో వేడెక్కి పాడైపోతాయి. అందుకని అందరికీ తొందరగా ఉంది. బాయిలరు ఒత్తిడి అందుకుంది, ఫ్యాన్లు ఆపేశారు, అందరూ బయటికి వచ్చి బిళ్ళలు తగిలించారు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, కోత చాకు చివరి అర మీద మర్చిపోయాను. చెక్క పిడి చాకు, మా అత్తది. ఉడికితే పిడి పగిలిపోతుంది.

బిళ్ళ తీసుకోబోతే దాని చెవి తెగిపోయి చేతిలోకి ఊడివచ్చింది. తగిలించడానికి వీల్లేదు. లోపలి బోర్డు వైపు చూశాను. ఒకటో నంబరు ఉంది. మా ఇంటి బిళ్ళే కదా, లోపల ఒక బిళ్ళ ఉన్నట్టే కదా, ఒక్క నిమిషంలో వచ్చేస్తాను కదా అనుకున్నాను. పెద్దత్త అప్పుడే చేతులు కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది, మిగతావాళ్ళు బాయిలరు దగ్గర ఉన్నారు. నేను లోపలికి దూరాను.

ఫ్యాన్లు ఆగిన గదిలో గాలి బరువుగా ఉంటుంది. ఆ చివరిదాకా నడిచేసరికే తల దిమ్మెక్కింది. చాకు పై అరలో ఉంది. కింది అర మీద కాలు పెట్టి లేచాను. తడి ఇనుము జారింది. తల గోడకు కొట్టుకుంది. నుదుటి లైటు ఎక్కడో పడి ఆరిపోయింది. చివరి అరకూ గోడకూ మధ్య సందులో వెల్లకిలా పడ్డాను. తలుపు మూసుకున్న చప్పుడు వినబడింది, గడియ పడిన చప్పుడు కూడా.

తర్వాత పిలుపు వినబడింది. "లోపల ఎవరైనా ఉన్నారా?"

నోరు తెరిచాను. గాలి వచ్చింది కానీ మాట రాలేదు. చెయ్యి ఎత్తి ఇనుము మీద కొడదామంటే చెయ్యి నాది కానట్టు పడి ఉంది. రెండో పిలుపు కూడా అయింది. నా చుట్టూ కోయగా మిగిలిన పుట్టగొడుగులు చీకట్లో ఎక్కడో తడిగా చిటపటమంటున్నాయి. ఆ చప్పుడు గురించి మా అత్త అబద్ధం చెప్పలేదని అప్పుడు తెలిసింది.

మూడో పిలుపు వచ్చింది. అప్పుడు నా పక్కన ఎవరో ఊపిరి పీల్చుకున్నారు.

గట్టిగా అరవబోయే మనిషి ముందు గుండెల నిండా గాలి పీల్చుకుంటుంది చూడండి, అలాంటి ఊపిరి. పదేళ్ళు ఆ ఊపిరి పక్కనే వంట చేశాను, దాని వెనక ఏం వస్తుందో నాకు తెలుసు. ఎవరూ లేరు, కానియ్యక్కా అని వస్తుంది. అది వస్తే పెద్దత్త చెయ్యి ఎత్తుతుంది. నా బతుకులో అంత భయం ఎప్పుడూ పడలేదు. అత్తయ్యా, అనకు, నీ కాళ్ళు పట్టుకుంటాను, ఈ ఒక్కసారికి అనకు అని లోపల్లోపలే ఏడ్చాను.

ఆ ఊపిరి అక్కడే ఆగిపోయింది. బయటికి రాలేదు. నా చెంప పక్కన చల్లగా, బిగబట్టినట్టుగా ఉండిపోయింది.

బయట జరిగింది తర్వాత బాయిలరు మామే నాకు పదిసార్లు చెప్పాడు. పెద్దత్త మూడో పిలుపు పిలిచి తలుపుకు చెవి ఆనించిందట. చెయ్యి ఎత్తలేదట. అలాగే నిలబడిందట.

"వదినా, కానియ్యి. ఒత్తిడి పెరిగిపోతోంది" అన్నాడట.

"పలకడం లేదు" అందట ఆమె.

"ఎవరు?"

"నా చెల్లెలు. పలకడం లేదు తమ్ముడూ."

"పలికితే ఒక గోల, పలకకపోతే ఇంకో గోలా? ఇక వినబడదని నువ్వే అన్నావు కదా! బోర్డు చూడు, నీ చెల్లెలి బిళ్ళ ఒక్కటే ఉంది, రోజూ ఉన్నదే. చెయ్యి ఎత్తు" అన్నాడట. ఆమె తాళంచెవి మెడలోంచి తీసి అతని చేతిలో పెట్టిందట. "రేపు సమావేశంలో ఇదెలాగూ తీసేసుకుంటారు. ఇప్పుడే తీసుకో. కానీ తలుపు తీసి చూడందే నేను చెయ్యి ఎత్తను. ఎంత నోరున్న మనిషి అది! ఊరికే నోరు మూసుకోదు" అందట.

గడియ లాగిన చప్పుడు విన్నాను. ఆమె అడుగులు నేరుగా, తడుముకోకుండా, ఆ చివరి సందు దగ్గరికే వచ్చాయి. లైటు నా ముఖం మీద పడింది. పెద్దత్త అరవలేదు. నా తల ఒళ్ళోకి తీసుకుని, నా పక్కనున్న ఖాళీ చోటు వైపు చూసి, "ఇక ఊపిరి వదలవే" అంది. నా చెంప మీది చలి పోయింది.

నాకు ఆరు కుట్లు పడ్డాయి. లారీ రెండు రోజులు ఆలస్యంగా వచ్చేలా చేసుకున్నారు. తాళం గురించి ఆ తర్వాత ఎవరూ నోరెత్తలేదు. బాయిలరు మామ తాళంచెవిని రెండు చేతులతో పట్టుకొచ్చి ఆమెకు ఇచ్చాడు. సమావేశంలో నేను లేచి, ఎవరు ముందు నవ్వారో, ఎవరు నవ్వించారో చెప్పేశాను. చెప్తుంటే ఏడుపు వచ్చింది. పెద్దత్త, "కూర్చోవే, కుట్లు ఊడతాయి" అంది.

ఆ బిళ్ళ ఇక అక్కడ ఉండకూడదని అందరికీ తెలుసు. అందరం ఊఁ అన్నాం కూడా. కానీ ఎవరు తియ్యాలి? మా మామగారు తల అడ్డంగా ఊపాడు. పెద్దత్తే లేచింది. బోర్డు ముందు చాలాసేపు నిలబడింది. ఆ తలుపు వెనక నుంచి తనను అక్కా అని పిలిచే గొంతు మళ్ళీ వినబడదని ఆమెకు తెలుసు, మాకూ తెలుసు. "రావే, ఇంక బయటికి రా" అని మెల్లగా అని బిళ్ళ తీసింది. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని దాన్ని నాకు ఇచ్చింది. "నీది తెగింది కదా. ఇది వాడుకో."

ఇప్పుడు ఒకటో నంబరు నాది. అది పొడిగానే ఉంటుంది.

గది ఉడకబెట్టే రోజున పెద్దత్త ఇప్పటికీ మూడుసార్లు పిలుస్తుంది. చెవి ఆనిస్తుంది. తర్వాత, చెవి అతికించి ఇప్పుడు తనదిగా చేసుకున్న నా పాత ఇరవైనాలుగో నంబరు బిళ్ళ లోపలి బోర్డుకు తగిలించి, తలుపు తీసి, లైటు పట్టుకుని ఆ చివరిదాకా ఒక్కతే నడిచి వస్తుంది. ఇప్పుడు చూసి చెప్పే మనిషి లోపల లేదు కాబట్టి తనే చూసుకోవాలి. నేను తలుపు పట్టుకుని నిలబడతాను. లోపల ఆమె గొంతు వినబడుతుంది, ఏదో అడుగుతుంది, ఆగుతుంది, మళ్ళీ అడుగుతుంది. నాకు ఒక వైపు మాటలే వినబడతాయి.

బయటికి వచ్చి, తలుపు బిగించి, తన బిళ్ళ తను తీసుకుంటుంది. బాయిలరు మామ చక్రం మీద చెయ్యి వేసి ఆమెకోసం ఆగుతాడు. ఎంత ఆలస్యమైనా తొందరపెట్టడు. ఆమె గొంతు సవరించుకుని, చెయ్యి ఎత్తి ఆ మాట అంటుంది.

"ఎవరూ లేరు, కానియ్యి తమ్ముడూ."